స్టాటిస్టిక్స్ పేపర్లు పాస్ అవుతున్నా గానీ ఏమీ అర్థం కావడం లేదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

అల్లూరు_డేటా

అందరికీ నమస్కారం. నేను నెల్లూరు జిల్లాలో బీఎస్సీ డేటా సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఎంపీసీ. మొదటి సంవత్సరం స్టాటిస్టిక్స్ పేపర్లలో మార్కులు బాగానే వచ్చాయి. ఫార్ములా ఇచ్చి అంకెలు ఇస్తే లెక్క కట్టేస్తాను, అక్కడి వరకు ఇబ్బంది లేదు. కానీ ఆ వచ్చిన జవాబు ఏం చెప్తోంది అని ఎవరైనా అడిగితే నోరు పెగలదు. శాంపిల్ వేరియన్స్ (అంకెలు ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయో చెప్పే కొలత) కట్టేటప్పుడు ఎన్‌తో, అంటే అంకెల సంఖ్యతో కాకుండా ఎన్ మైనస్ ఒకటితో ఎందుకు భాగించాలి అని క్లాసులో అడిగితే "అది అంతేమ్మా, పరీక్షలో అలాగే రాయాలి" అన్నారు. పీ వాల్యూ అయితే ఇంకా అయోమయం, 0.05 కంటే తక్కువైతే రిజెక్ట్, ఎక్కువైతే యాక్సెప్ట్, అంతవరకే తెలుసు.

ల్యాబ్ అంటే ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ కోడ్ బోర్డు మీద రాస్తారు, మేం రికార్డులో ఎక్కిస్తాం, అవుట్‌పుట్ సీనియర్ల రికార్డులో ఉంటుంది కాబట్టి అదీ ఎక్కిస్తాం. మా బ్యాచ్‌లో చాలామందికి ల్యాప్‌టాప్ లేదు, నాకూ ఫోనే. ఫ్రెండ్స్ అమీర్‌పేట వెళ్లి డేటా సైన్స్ కోర్సు చేద్దాం అంటున్నారు, ఫీజు వింటే ఇంట్లో అడగబుద్ధి కావడం లేదు.

ఇంకో సంగతి. మా నాయన అల్లూరు పక్క నాలుగు రొయ్యల చెరువులు లీజుకి చేస్తున్నారు. మొన్న ఒక చెరువులో రెండు చోట్ల వల విసిరితే ఒక వల 50 కౌంట్ (కిలోకి 50 రొయ్యలు) చూపించింది, ఇంకోటి 80 చూపించింది. "ఎంత అనుకోవాలమ్మా, నువ్వు చదివేది ఇదే కదా" అని అడిగారు. సగటు 65 అని నోటిదాకా వచ్చింది గానీ ఎందుకో సరి కాదనిపించి ఆగాను. రెండేళ్లుగా ఇదే చదువుతూ ఇంట్లో అడిగిన దానికి జవాబు చెప్పలేకపోవడం చాలా బాధగా ఉంది. దారి చెప్పండి.

ఒంగోలు_మాస్టారు

అమ్మా, మీ నాయన అడిగిన దానికే ముందు జవాబు చెప్తాను, నీ సిలబస్‌లో సగం అందులోనే ఉంది.

మొదటి వలలో 60 రొయ్యలు పడ్డాయి, మొత్తం 1,200 గ్రాములు తూగాయి అనుకో. ఒక్కోటి 20 గ్రాములు, కిలోకి 50, అంటే 50 కౌంట్. రెండో వలలో 40 రొయ్యలు, 500 గ్రాములు. ఒక్కోటి పన్నెండున్నర గ్రాములు, 80 కౌంట్. ఇప్పుడు 50నీ 80నీ కలిపి సగం చేస్తే 65 వస్తుంది నిజమే. కానీ రెండు వలల రొయ్యల్నీ ఒకే బుట్టలో పోసి తూస్తే 100 రొయ్యలు 1,700 గ్రాములు, ఒక్కోటి 17 గ్రాములు, కౌంట్ దాదాపు 59. ఆ 65కీ ఈ 59కీ మధ్య ధరలో తేడా ఎంతో మీ ఇంట్లో వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కౌంట్ అనేది ఒక నిష్పత్తి, అందులో రొయ్యల సంఖ్యా మారుతోంది, బరువూ మారుతోంది. అలాంటి నిష్పత్తుల్ని నేరుగా కూడి సగటు తియ్యకూడదు, పైవన్నీ కలిపి, కిందివన్నీ కలిపి, అప్పుడు భాగించాలి. మీ పుస్తకంలో హార్మోనిక్ మీన్ అని ఒక చిన్న భాగం ఉంటుంది, రెండు మార్కుల ప్రశ్న కదా అని పిల్లలు వదిలేస్తారు. రొయ్యల సంఖ్యని వెయిట్‌గా పెట్టి అది వేసి చూడు, సరిగ్గా ఇదే 58.8 వస్తుంది.

రెండో మెట్టు. ఆ 59 అనేది చెరువు కౌంటా? కాదు, ఆ వంద రొయ్యల కౌంట్. ఇంకో గంట తర్వాత ఇంకో వంద పడితే 57 రావచ్చు, 62 రావచ్చు. ఈ ఊగిసలాట ఎంత ఉంటుందో చెప్పేదే స్టాండర్డ్ ఎర్రర్. నన్నడిగితే మొదటి రెండు సెమిస్టర్ల స్టాటిస్టిక్స్ మొత్తం ఈ ఒక్క ఆలోచన చుట్టూనే తిరుగుతుంది, ఇది ఒంటబట్టకుండా టీ టెస్టు, కై స్క్వేర్ లాంటి పరీక్షలు ఎన్ని నేర్చినా గాల్లో దీపమే. ఆ వంద రొయ్యల్నీ విడివిడిగా తూచితే స్టాండర్డ్ డీవియేషన్, అంటే ఒక్కో బరువు సగటుకి మామూలుగా ఎంత దూరంలో ఉంటుందో చెప్పే కొలత, 5 గ్రాములు వచ్చిందనుకో. వందకి వర్గమూలం 10, అయిదుని పదితో భాగిస్తే అర గ్రాము. దానికి రెట్టింపు, అంటే ఒక గ్రాము, అటూ ఇటూ పెట్టుకుంటే సగటు బరువు 16 నుంచి 18 గ్రాముల మధ్య అని ఒక అంచనా. దాన్ని కౌంట్‌లోకి మార్చితే సుమారు 56 నుంచి 62. మీ నాయనకి "59 నాయనా, కానీ 56 నుంచి 62 దాకా ఏదైనా కావచ్చు" అని చెప్పు, అది ఒట్టి 59 కంటే పనికొచ్చే మాట.

ఇక ఎన్ మైనస్ ఒకటి. కాగితం తీసుకో. చెరువు అసలు సగటు 8 అనుకుందాం, అది మనకి తెలియదు. మన చేతికి మూడు అంకెలు వచ్చాయి: 4, 6, 11. వీటి సగటు 7. ఏడు నుంచి తేడాల వర్గాలు 9, 1, 16, మొత్తం 26. అదే అసలు సగటు 8 నుంచి తీస్తే 16, 4, 9, మొత్తం 29. ఏ మూడు అంకెలు తీసుకున్నా వాటి సొంత సగటు నుంచి తీసిన మొత్తం దాదాపు ఎప్పుడూ తక్కువే వస్తుంది, ఎక్కువ మాత్రం రాదు, ఎందుకంటే ఆ మొత్తం అన్నిటికంటే చిన్నదయ్యే చోటే సగటు ఉంటుంది. అంటే శాంపిల్ సగటు వాడినప్పుడల్లా చెల్లాచెదురుతనాన్ని కాస్త తక్కువగా చూస్తున్నాం. ఆ తరుగుని పూడ్చడానికే మూడుతో కాకుండా రెండుతో భాగిస్తాం. సరిగ్గా ఒకటే ఎందుకు తగ్గించాలి అనే దానికి నిరూపణ అరపేజీ ఉంటుంది, ఇది అర్థమయ్యాక అది చదువు, కష్టం అనిపించదు.

క్లాసులో అడగడం మాత్రం మానొద్దు. ప్రపంచ ప్రసిద్ధ స్టాటిస్టిషియన్ సి.ఆర్. రావు గారు చిన్నప్పుడు కొంతకాలం గూడూరులో చదువుకున్నారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల్లో పట్టా తీసుకుని కలకత్తా వెళ్లారు. అక్కడ పాఠం చెప్తూ ఉండగా ఒక విద్యార్థి లేచి, ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో ఇంగ్లండ్ స్టాటిస్టిషియన్ ఫిషర్ పెద్ద శాంపిళ్లకి చూపించిన ఈ ఫలితం చిన్న శాంపిళ్లకి కూడా నిలుస్తుందా అని అడిగాడు. ఆయన ఆ రాత్రి ఇంట్లో కూర్చుని దాన్ని సాధించి మర్నాడు క్లాసులో చెప్పారు. 1945లో అచ్చయిన ఆ ఫలితాన్నే ప్రపంచమంతా ఇవాళ క్రామర్ రావు బౌండ్ అంటోంది. ఆయనకి అప్పటికి పాతికేళ్లు. 2023లో, నూట రెండేళ్ల వయసులో, ఆయనకి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఇచ్చారు. ఆ విద్యార్థి అడక్కపోతే ఆ రాత్రి ఆయన ఇంకేదో చేసుకుంటూ ఉండేవారేమో. నువ్వడిగింది మంచి ప్రశ్న, జవాబు రానంత మాత్రాన ప్రశ్న తప్పు కాదు.

విడవలూరు_ఆక్వాటెక్

మాస్టారి లెక్క బాగుంది, కానీ చెరువు గట్టు మీద నిలబడి పని చేసేవాణ్ణి కాబట్టి ఒక మాట చెప్పాలి. ఆ వంద రొయ్యలు వంద వేరు వేరు సాక్షులు కావు సార్. ఒక వలలో పడ్డవన్నీ ఒకే చోట తిరిగేవి, సైజులో దగ్గరగా ఉంటాయి. ఒక వల 50, ఇంకోటి 80 చూపించిందంటే చెరువులో చోటుని బట్టి సైజు మారుతోందనే కదా. అలాంటప్పుడు వందకి వర్గమూలం కట్టి అర గ్రాము అనడం ధైర్యం ఎక్కువైనట్టే. నా లెక్కలో అక్కడున్నవి రెండు వలలే, అంటే ఇద్దరే సాక్షులు.

చెల్లెమ్మా, మీ నాయనతో మాట్లాడి కనీసం ఆరేడు చోట్ల విసిరించండి. ఎక్కడ విసురుతారనేది కూడా ముఖ్యం. నీటిలో గాలి కలిపే ఏరేటర్ దగ్గర ఒకలా పడతాయి, మూలల్లో ఒకలా పడతాయి, మేత వేసే దారిలో విసిరితే బాగా తినే బలమైనవే ఎక్కువ వస్తాయి. మేత తిన్నాయో లేదో చూడ్డానికి దించే చెక్ ట్రేలోకి ఎక్కినవి చూసి సైజు చెప్పేవాళ్లున్నారు, అది అస్సలు నమ్మొద్దు. వల కన్ను పెద్దదైతే చిన్న రొయ్య జారిపోతుంది, చేతికి మిగిలేవి పెద్దవే. కుబుసం విడిచే రోజుల్లో మెత్తగా ఉన్నవి అడుగున దాక్కుంటాయి, వలకి రావు. వీటిలో చాలావరకు బరువుని ఎక్కువ చూపించే వైపే లాగుతాయి, అది గమనించండి. ఎన్ని వలలు విసిరినా ఈ లాగుడు తగ్గదు, పెద్ద శాంపిల్ తీసుకుంటే తప్పుడు అంకె మీద నమ్మకం ఇంకా పెరుగుతుంది, అంతే.

బరువు ఎక్కువని పొరబడితే ఏమవుతుందో మాకు రోజూ కనిపిస్తుంది. మేత లెక్క శరీర బరువులో శాతం కట్టి వేస్తాం కదా, బరువు ఎక్కువ అనుకుంటే మేత ఎక్కువ పడుతుంది, తినగా మిగిలింది అడుగున కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది, ఆ తర్వాత రోగాలు. మీ పుస్తకంలో బయాస్ అని రాసుండేది ఇక్కడ చెరువు అడుగున నల్లగా కనిపిస్తుంది.

ఒంగోలు_మాస్టారు

విడవలూరు తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం, దాన్ని క్లస్టర్ శాంప్లింగ్ అంటారు. నేను వేసింది ఒక్కో రొయ్యనీ చెరువంతటి నుంచీ విడిగా, ఎక్కడ పడితే అక్కడ నుంచి ఎత్తామనుకుని వేసిన లెక్క, మొదటి మెట్టుగా అది రావాలి. అసలు పనిలో మాత్రం వలనే ఒక యూనిట్‌గా చూడాలి. పాఠ్యపుస్తకంలో "శాంపిల్ ఇచ్చారు, సగటు కట్టుము" అంటారు, ఆ శాంపిల్ ఎలా వచ్చిందో ఎవరూ చెప్పరు. అందుకే పిల్లలకి ఆ ప్రశ్నే తట్టదు. అమ్మా, ఇది రాసి గోడకి అంటించుకో: అంకె చూడగానే ముందు అడగాల్సింది ఇది ఎవరి చేతి నుంచి, ఏ దారిలో వచ్చింది అని.

కందుకూరు_నుంచి_బెంగళూరు

నాది కందుకూరు, ఇక్కడ ఒక కంపెనీలో డేటా అనలిస్టుగా చేస్తున్నాను. కోర్సు సంగతి నేను చెప్తా. అమీర్‌పేట ఇప్పుడే వద్దు. ఆ ఫీజుతో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ వస్తుంది, అది కొనుక్కో. అది కూడా కుదరకపోతే ఫోన్ బ్రౌజర్‌లో గూగుల్ కొలాబ్ తెరుచుకుంటుంది, ఉచితం, పైథాన్ నడుస్తుంది, సెట్టింగ్ మార్చితే ఆర్ కూడా నడుస్తుంది. చిన్న స్క్రీన్ మీద టైపు చెయ్యడం విసుగే గానీ రికార్డులో ఎక్కించడం కంటే వందరెట్లు మేలు. పాఠాలకి ఐఐటీ మద్రాస్ వాళ్ల ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్ వీడియోలు యూట్యూబ్‌లో అందరికీ ఉన్నాయి, స్టాటిస్టిక్స్ మొదటి నుంచి చెప్తారు, ఇంగ్లీష్ నెమ్మదిగానే ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో కూడా చదువుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు.

మాస్టారితో ఒక్క విషయంలో నాకు కుదరదు. ముందు కాగితం, తర్వాత కంప్యూటర్ అనేది మా తరానికి అంత సరిపోదు సార్. స్టాండర్డ్ ఎర్రర్ అంటే ఏంటో నాకు ఫార్ములాతో రాలేదు. ఆర్‌లో పదివేల అంకెలు ఉన్న ఒక ఉత్తుత్తి చెరువుని తయారు చేసి, అందులోంచి వందేసి చొప్పున వెయ్యి సార్లు తీయించి, ఆ వెయ్యి సగటుల్నీ హిస్టోగ్రామ్ గీస్తే, అసలు అంకెలు బాగా వంకరగా ఉన్నా సగటులన్నీ గంట ఆకారంలో నిలబడటం కళ్లారా చూశాక తలకెక్కింది. నాలుగు లైన్ల కోడ్. సెంట్రల్ లిమిట్ థీరమ్ అని ఆరు పేజీలు బట్టీ పట్టేది అదే. చెల్లెలు మొదటి రోజునే ఇది చెయ్యొచ్చు.

ఇంకోటి, ఏ డేటా ఇచ్చినా ముందు గీసి చూడు, తర్వాతే లెక్క. ఆన్‌స్కోంబ్ అనే ఆయన 1973లో నాలుగు చిన్న డేటా సెట్లు ఇచ్చాడు, ఒక్కోదాంట్లో పదకొండు బిందువులు. నాలుగింటికీ సగటులు ఒకటే, కోరిలేషన్ (రెండు అంకెలు ఎంత కలిసి నడుస్తాయో చెప్పే కొలత) 0.82 దగ్గర ఒకటే, బిందువుల మధ్యగా గీసే రిగ్రెషన్ గీత కూడా ఒకటే. గీస్తే ఒకటి మామూలు చెల్లాచెదురు, ఒకటి వంపు తిరిగిన గీత, ఒకటి తిన్నటి గీతకి దూరంగా ఒక్క బిందువు, ఇంకోటి నిలువు గీత పక్కన ఎక్కడో ఒంటరి బిందువు. ఆర్ తెరిచి ఆ పేరు కొడితే అంకెలు వస్తాయి, అందులోనే పెట్టి ఉంచారు. ఇంటర్వ్యూకి వచ్చిన పిల్లల్ని నేను ఇదే అడుగుతాను.

ఉద్యోగంలో సగం పైన టైము డేటా శుభ్రం చెయ్యడానికే పోతుంది, దానికి అలవాటు పడాలంటే మన జిల్లా లెక్కలే తీసుకో. ప్రతి జిల్లాకీ ముఖ్య ప్రణాళికాధికారి ఆఫీసు వాళ్లు హ్యాండ్‌బుక్ ఆఫ్ స్టాటిస్టిక్స్ వేస్తారు, వర్షపాతం, సాగు విస్తీర్ణం, బడులు, మండలాల వారీగా ఉంటాయి. నెల్లూరు జిల్లా పంట విస్తీర్ణం పదేళ్లది పక్కపక్కన పెట్టి గీస్తే 2022 దగ్గర తేడా కొడుతుంది. అది రైతులు సాగు మార్చడం వల్లే అనుకోకు, ఆ ఏడాది ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు మా కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది, గూడూరు తిరుపతి జిల్లాకి పోయింది, ప్రకాశం వైపు నుంచి చీరాల, అద్దంకి బాపట్లకి పోయాయి. పేరు ఒకటే, జిల్లా వేరు. జిల్లా మొత్తాలు పక్కనపెట్టి మండలాల అంకెలు తీసుకుని, పాత హద్దుల ప్రకారం మళ్లీ కూడుకుంటేనే పోల్చడం కుదురుతుంది. ఇలాంటిది ఒక్కటి సొంతంగా చేసి రెజ్యూమెలో పెట్టు, టైటానిక్ డేటా ప్రాజెక్టు పెట్టినవాళ్లు వందమంది వస్తారు, మండలాలు సరిచేసినవాళ్లు ఒక్కరూ రారు.

టంగుటూరు_బ్యారన్

ఈ థ్రెడ్ చదువుతుంటే పొగాకు రైతుగా నాకూ ఒకటి చెప్పాలనిపించింది. వేలం కేంద్రంలో ప్రతి రోజూ సగటు ధర చెప్తారు, పేపర్లో కూడా అదే వస్తుంది. నేను బేళ్లు తీసుకెళ్లిన రోజు సగటు బాగుంది అంటారు, నా చేతికి మాత్రం ఆ లెక్కన రాదు. ఎందుకంటే ఆ సగటు అమ్ముడైన బేళ్లది. ఎవరూ పాట పాడక నోబిడ్ అయి ఇంటికి తిరిగొచ్చినవి అందులో లేవు. వంద బేళ్లు పెడితే డెబ్బై కిలో 250 లెక్కన పోయి ముప్పై వెనక్కి వచ్చాయనుకోండి, సగటు ధర 250 అనే రాస్తారు, రైతుకి ఆ రోజు వంద బేళ్ల మీద వచ్చింది సరాసరి 175 లెక్కన. లోగ్రేడ్ ఎక్కువగా నోబిడ్ అయిన రోజు సగటు ఇంకా పైకి పోతుంది, ఎందుకంటే తక్కువ ధర పలికేవి అసలు లెక్కలోకే రాలేదు. ధర పెరిగింది అని హెడ్డింగ్ చూసి మేం బాధపడ్డ రోజులున్నాయి. చదువుకునే పిల్లలు ఇది లెక్కగట్టి అందరికీ అర్థమయ్యేలా రాస్తే మాకు మేలు చేసినవాళ్లవుతారు.

కందుకూరు_నుంచి_బెంగళూరు

అన్నా, మీరు చెప్పింది ప్రాజెక్టుకి అచ్చంగా సరిపోతుంది. లేని డేటా ఎందుకు లేదు అనేది మా ఫీల్డులో పెద్ద టాపిక్. లోపించినవి ఊరికే అటూ ఇటూ లోపిస్తే ఫరవాలేదు, ధర తక్కువ కాబట్టే లోపిస్తే ఏ సగటూ నిలబడదు. ఏ రోజు ఎన్ని బేళ్లు వచ్చాయి, ఎన్ని కొన్నారు, ఎన్ని తిరస్కరించారు అనే మూడు అంకెలూ పక్కన పెట్టుకుని చూస్తేనే సగటు ధరకి అర్థం.

అల్లూరు_డేటా

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు, అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న రాత్రి కొలాబ్‌లో అన్న చెప్పిన ఉత్తుత్తి చెరువు చేశాను. సగటులు గంట ఆకారంలో రావడం చూసి మా చెల్లిని లేపి మరీ చూపించాను. వందకి బదులు 25 తీస్తే గంట వెడల్పు రెట్టింపయింది, వర్గమూలం ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమైంది. ఫార్ములా చూడకుండానే.

ఇప్పుడు పీ వాల్యూ. కొత్త మేత ఒకటి వచ్చింది, డీలర్ అది వేస్తే పెరుగుదల బాగుంటుంది అంటున్నారు. నాయన వచ్చే పంటకి ఒక చెరువులో వేసి చూద్దామంటున్నారు. ఒక చెరువులో కొత్తది, ఒక చెరువులో పాతది వేసి, రెండిట్లో చెరో యాభై రొయ్యలు తూచి టీ టెస్ట్ చేస్తే సరిపోతుందా?

విడవలూరు_ఆక్వాటెక్

సరిపోదు చెల్లెమ్మా. ఆ రెండు చెరువుల మధ్య తేడా మేతదే అని ఎలా చెప్తారు? ఒకటి లోతు ఎక్కువ ఉండొచ్చు, ఒకదాంట్లో ఉప్పుశాతం వేరు ఉండొచ్చు, సీడ్, అంటే వదిలిన రొయ్య పిల్లలు, బతికిన శాతం వేరు ఉండొచ్చు. పల్చగా బతికిన చెరువులో రొయ్య ఎప్పుడూ పెద్దదవుతుంది, మేత ఏదైనా సరే. యాభై కాదు, అయిదు వేల రొయ్యలు తూచినా అది రెండు చెరువుల పోలికే, రెండు మేతల పోలిక కాదు.

ఒంగోలు_మాస్టారు

తమ్ముడు చెప్పినట్టు మేత వేసేది చెరువుకి, రొయ్యకి కాదు. కాబట్టి లెక్కలో ఒక యూనిట్ అంటే ఒక చెరువు. ఇది పట్టుకుంటే పీ వాల్యూ చీటీలతోనే అర్థమవుతుంది, ఏ టేబులూ అక్కర్లేదు.

ఎనిమిది చెరువులున్నాయనుకో. చీటీలు వేసి నాలుగింటికి కొత్త మేత, నాలుగింటికి పాత మేత. పంట చివర చూస్తే కొత్త మేత వేసిన నాలుగూ మిగతా నాలుగింటికంటే ఎక్కువ సగటు బరువు చూపించాయి. ఇప్పుడు డీలర్ మాట నమ్మనివాడి వైపు నిలబడి ఆలోచించు. మేతలో ఏ తేడా లేదు, ఆ ఎనిమిది చెరువులకి వచ్చిన బరువులు ఏ మేత వేసినా అవే వచ్చేవి అంటాడు వాడు. సరే, అలాగైతే బాగా పెరిగిన నాలుగు చెరువులూ మన చీటీల్లో కొత్త మేతకే పడటం ఒట్టి యాదృచ్ఛికం అన్నమాట. ఎనిమిదిలోంచి నాలుగు ఎంచుకునే దారులు 70. అందులో ఒక్క దారిలోనే ఇలా జరుగుతుంది. 70లో ఒకటి, దాదాపు 0.014. అదే పీ వాల్యూ. తేడా లేదనుకుంటే, ఇంత గట్టి ఫలితం ఊరికే కనిపించే అవకాశం అది. "కొత్త మేత పనిచెయ్యని అవకాశం 1.4 శాతం" అని మాత్రం ఎక్కడా రాయకు, చాలామంది అధ్యాపకులు కూడా అలాగే చెప్తారు, అది తప్పు. లెక్క మొత్తం మేత పనిచెయ్యదు అనే ఊహ లోపల కూర్చుని కట్టాం, ఆ ఊహ ఎంత నిజమో ఆ లెక్కే చెప్పలేదు. మేత గ్రాము పెంచిందా, నాలుగు గ్రాములు పెంచిందా, దాని ఖర్చు గిట్టుతుందా అనేది కూడా చెప్పదు, దానికి బరువుల తేడా విడిగా చూసుకోవాలి.

ఫిషర్ టీ కప్పుల కథ కూడా ఇదే లెక్క, పాలు ముందు పోశారో టీ ముందు పోశారో రుచి చూసి చెప్పగలనన్న ఒకావిడకి ఎనిమిది కప్పులు, నాలుగింట్లో పాలు ముందు, నాలుగింట్లో టీ ముందు, 70లో ఒకటి. 0.05 అనే గీత కూడా ఆయన 1920లలో వీలుకోసం వాడిందే, అది ప్రకృతి ధర్మం కాదు. ఇక టీ టెస్టుకి ఈ టీ కప్పులతో సంబంధం లేదు, అది డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన గాసెట్ 1908లో స్టూడెంట్ అనే మారుపేరుతో రాసింది. ఆయనకీ మీ నాయన లాంటి ఇబ్బందే, చేతిలో ఉన్న నమూనాలు నాలుగైదే.

అల్లూరు_డేటా

మాస్టారూ, 70 దారులూ కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నా, మొదటిసారి పీ వాల్యూ అంటే భయం వెయ్యలేదు. కానీ మాకున్నవి నాలుగు చెరువులే. రెండూ రెండూ చేస్తే?

ఒంగోలు_మాస్టారు

నువ్వే కట్టు. నాలుగులోంచి రెండు ఎంచుకునే దారులు ఎన్ని? ఆరు. అన్నీ కొత్త మేతకే కలిసొచ్చినా ఆరులో ఒకటి, దాదాపు 0.17. అంటే ఒక్క పంటతో, ఈ పద్ధతిలో, ఎంత మంచి ఫలితం వచ్చినా యాదృచ్ఛికం కాదు అని గట్టిగా చెప్పలేవు. ఇది పంట పెట్టక ముందే తెలిసింది చూశావా, ప్రయోగం డిజైన్ అంటే ఇదే. ఇప్పుడు దారులు రెండు. పక్క రైతుతో మాట్లాడి ఆరు చెరువులు చేస్తే మూడూ మూడూ, 20లో ఒకటి. లేదా మీ నాలుగు చెరువుల్లోనే రెండు పంటలు చెయ్యి, ప్రతి పంటకీ చీటీలు మళ్లీ కొత్తగా వెయ్యి. ఒక్కో పంటలో ఆరు దారులు, రెండు పంటలకి ఆరారులు 36, రెండు సార్లూ కొత్త మేతే పైన నిలిస్తే 36లో ఒకటి, 0.028. పంటల్ని మాత్రం కలిపేసి చూడకు, వేసవి పంట పెరుగుదల వేరు, చలికాలం వేరు, ఏ పంట లోపల ఆ పంటనే పోల్చు.

అల్లూరు_డేటా

నాయనకి ఇది మొత్తం చెప్పాను. మొదట "ఇంత దేనికమ్మా" అన్నారు గానీ ఆరులో ఒకటి అనే లెక్క చీటీలతో చేసి చూపిస్తే ఒప్పుకున్నారు. పక్క చెరువుల పెదనాన్న కూడా రెండు చెరువులు ఇస్తానన్నారు, కాబట్టి మూడూ మూడూ అవుతుంది. ఏ చెరువుకి ఏ మేతో ఇంట్లో అందరి ముందూ చీటీలు తీస్తాం. అన్నా, ఇంకేమైనా ముందే చూసుకోవాల్సినవి ఉన్నాయా?

విడవలూరు_ఆక్వాటెక్

ఉన్నాయి. ఆరింటికీ ఒకే హేచరీ సీడ్, ఒకే రోజు వదలండి, ఎకరాకి ఒకే సంఖ్య. ఏరేటర్లు ఎకరాకి సమానంగా ఉండాలి. పెదనాన్న గారి రెండు చెరువులూ ఒకే మేత వైపు పడితే ఇబ్బంది, ఆయన నీటి కాలువ వేరు కాబట్టి. మీ నాలుగింట్లో రెండు, ఆయన రెండింట్లో ఒకటి కొత్త మేతకి వచ్చేలా చీటీలు విడివిడిగా తియ్యండి, అప్పుడు దారులు ఎన్నో మాస్టారిని అడక్కుండా మీరే కట్టగలరు. తూకం వేసేవాడికి ఏ చెరువులో ఏ మేతో చెప్పకండి. ప్రతి వారం ఒకే వల, ఒకే వేళ, ఆరు చోట్ల. ఒక్కో వల రొయ్యల సంఖ్యా బరువూ విడిగా రాయండి, కౌంట్ మాత్రమే రాసి వదిలెయ్యొద్దు.

అల్లూరు_డేటా

ఆరు రెళ్లు పన్నెండు, పన్నెండులో ఒకటి. 20 కంటే తగ్గింది అన్నా, అయినా ఇదే చేస్తాం, కాలువ తేడా వచ్చి మేత మీద పడటం కంటే ఇది నయం. రెండో పంట కూడా ఇలాగే చేస్తే 144లో ఒకటి. పుస్తకంలో ఎన్ని కాలమ్‌లు గీసుకోవాలో ఇవాళ రాత్రి రాసి ఇక్కడ పెడతాను, చూసి ఏది మిగిలిందో చెప్పండి.